పురుగు తొలిచిన రాయి

ఆరేళ్ల కిందటి మాట. అప్పటికి మద్రాసు జార్జి టౌన్‌లో కస్టమ్స్ బ్రోకర్‌గా నాకు పదిహేడేళ్ల అనుభవం. విదేశాల నుంచి ఓడలో వచ్చిన సరుకు ఏమిటో, అది టారిఫ్ పుస్తకంలో ఏ చాప్టర్ కిందికి వస్తుందో నిర్ణయించి, దిగుమతిదారు తరఫున కస్టమ్స్‌కు దాఖలు చేయడం మా పని. ఆ పత్రాన్ని బిల్ ఆఫ్ ఎంట్రీ అంటాం. ప్రతి వస్తువుకూ ఎనిమిది అంకెల కోడ్ ఉంటుంది. చెక్కిన పాలరాయికి ఒకటి, చెక్కని దిమ్మకు ఒకటి, పాలరాయిలా కనిపించే కృత్రిమ రాయికి మరొకటి. అలంకరణ రాళ్ల కేసులంటే నా దగ్గరికే పంపేవారు. నాకు తెలియని రాయి లేదన్న ధీమా కూడా ఉండేది.

వేణుగోపాల్ నాయుడు గారు రాయపురంలో కలప డిపో నడిపేవారు. వాళ్ల కుటుంబం మద్రాసుకొచ్చి ఎన్ని తరాలైందో ఆయనకే లెక్క తెలియదు. డెబ్బైకి దగ్గర పడిన వయసులో మొదటిసారి సొంతంగా ఇండోనేషియా నుంచి ఒక కంటైనర్ తెప్పించుకున్నారు. అందులో వాష్ బేసిన్లు, బల్ల పైభాగానికి పనికొచ్చే ఒక పెద్ద మాను అడ్డకోత. ఇన్వాయిస్‌లో ‘ఫాసిల్ వుడ్’ అని ఉంది. ఫోన్ చేశాను.

“నాయుడు గారూ, ఇది చెక్కేనా?”

“చెక్కే తల్లీ. నలభై ఏండ్లుగా చెక్క ముఖమే చూస్తా ఉండా, నాకు తెలీదా?”

ఫోటోలు అడగలేదు. ప్యాకింగ్ లిస్ట్‌లో బరువైనా చూడలేదు. చెక్క వస్తువుల చాప్టర్ 44 కింద రాసి పంపేశాను.

మూడో రోజు సి.ఎఫ్.ఎస్. నుంచి కబురు వచ్చింది. రేవు నుంచి వచ్చిన కంటైనర్లను తెరిచి తనిఖీ చేసే పెద్ద గిడ్డంగి అది. నేను వెళ్లేసరికి తనిఖీ అధికారి ఆ మాను ముక్క ముందు నిలబడి ఉన్నారు. నిలబెడితే నా నడుము దాకా వచ్చేంత చక్రం. గోధుమరంగు, నలుపు, అక్కడక్కడ ఎరుపు. అంచున బెరడు గరుకు కూడా అలాగే ఉంది. ఒక పక్కంతా వేలు దూరేంత రంధ్రాలు.

“చూశారా మేడం, ఎంత పురుగో! పైన రెసిన్ పూసి నున్నగా చేసి దాచారు,” అన్నారాయన తమిళంలో.

పురుగు పట్టిన చెక్కను దేశంలోకి రానివ్వరు. తిప్పి పంపాలి, లేదా కాల్చేయాలి. దాచి తెచ్చారని రుజువైతే నాయుడు గారి మీద కేసు. చూడకుండా రాసినందుకు నా లైసెన్సుకే ముప్పు. ప్లాంట్ క్వారంటైన్ వాళ్లు, అంటే బయటి తెగుళ్లు మన పంటలకు, అడవులకు సోకకుండా కాపలా కాసేవాళ్లు, మరుసటి రోజు వచ్చి తేలుస్తారని చెప్పారు.

మరుసటి రోజు నాయుడు గారు నాతోనే వచ్చారు. కాల్చేయవచ్చని నేను చెప్పగానే ఆయన మాను మీద రెండు చేతులూ పెట్టి నిలబడిపోయారు.

“కాలుస్తారా? రాయి యాడన్నా కాలుతుందామ్మా?”

“రాయా! మీరేగా చెక్క అన్నారు?”

“చెక్కే. రాయైపోయిన చెక్క. నువ్వు చెక్కేనా అని అడిగితివి, అవునంటిని. ఇప్పుడు ఏమైందని అడగలేదు గదా.”

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఆయన ఉన్న సంగతి చెప్పారంతే. నాకే తల కొట్టేసినట్టయింది.

“బతుకంతా కొట్టిన చెట్లే అమ్మినా,” అన్నారాయన మెల్లగా. “ఒక్క చెట్టు గూడా కొట్టకుండా చెక్క అమ్మాలని దీన్ని తెచ్చుకున్నా.”

క్వారంటైన్ నుంచి వచ్చినావిడ సుజాత గారు, వరంగల్ వైపు ఆవిడ. వృక్షశాస్త్రం చదివారు. ముందు ఒక సూది తీసి రంధ్రం అంచున గుచ్చారు. సూది వంగింది. చాకుతో గీశారు. మాను మీద గీత పడలేదు, చాకు లోహమే సన్నని గీతగా అంటుకుంది.

“రెసిన్ కాదు సార్ ఇది,” అని అధికారితో అని, భూతద్దం తీసి కంటికి ఆనించుకుని మాను మీదికి వంగారు. అట్లాగే ఉండిపోయారు. ఎంతసేపటికీ లేవరు. మేం ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

లేచాక ఆవిడ గొంతు మారింది. “మేడం, ఇటు రాండి. మీరే చూడుండ్రి.”

భూతద్దంలోంచి చూశాను. చుక్కల్లాంటి వేల గొట్టాలు, వాటి మధ్య దారప్పోగుల్లా గీతలు. చెట్టు వేర్ల నుంచి ఆకులకు నీళ్లు పారిన దారులు అవి. ఒక్కటీ చెరగలేదు. చెట్టు భూమిలో పూడిపోతే, ఖనిజాలు కలిసిన నీరు కణం కణంలోకీ ఇంకి, కోట్ల ఏళ్లలో చెక్క ఉన్న చోటల్లా రాయి వచ్చి కూర్చుందని సుజాత గారు చెప్పారు.

“మరి పురుగు?” అన్నారు అధికారి.

“అదే నాకూ నమ్మబుద్ధి అయితలేదు సార్. రంధ్రంల చూడండి, గోడకు స్ఫటికాలున్నయి. ఆ చిన్న చిన్న గుళికలు పురుగు వేసిన పొట్టు. అది గూడ రాయైంది. పురుగు తొలిచింది నిజమే, మనుషులు పుట్టకముందు తొలిచింది.”

నాయుడు గారు వంగి రంధ్రాల్లోకి చూశారు. “ఇది నీళ్లలో పట్టే పురుగమ్మా. మా రాయపురంలో చెక్క పడవలకు అడుగున ఇట్లనే తొలిచేది. ఈ మాను కొన్నాళ్లు సముద్రంలో తేలింటుంది.” తర్వాత వేలితో సన్నని తెల్లని చారలు చూపించారు. “ఇవి జిగురు పారిన దారులు. మేం మలేషియా సాల్ అని అమ్ముతామే, దాని జాతి ఇది.”

సుజాత గారు ఉలిక్కిపడి మళ్లీ భూతద్దం పెట్టారు. “కరెక్టే! ఆ కుటుంబం చెట్టే. మీకెట్ల తెల్సింది?”

“రోజూ చూసేదే గదమ్మా.”

కోట్ల ఏళ్ల కిందట కూలిన చెట్టును, డిపోలో నిన్న దిగిన దుంగను గుర్తుపట్టినట్టు ఆయన గుర్తుపట్టారు. అధికారి భూతద్దం కోసం చేయి చాచారు. ఆయన చూసి లేచేసరికి, పక్క కంటైనర్ దగ్గరి హమాలీలు కూడా వచ్చి వరుసలో నిలబడ్డారు.

ఇది మొక్కల తనిఖీ కిందికి రాదని సుజాత గారు రాసిచ్చారు. ఒక పెచ్చును ల్యాబ్‌కు పంపితే క్వార్ట్జ్ అని తేలింది. ఇక మిగిలింది ఏ చాప్టర్ అన్న ప్రశ్న. మామూలు రాతి వస్తువులైతే 68. క్వార్ట్జ్ జాతి కాబట్టి అల్పరత్నాల వస్తువుల చాప్టర్ 71 అన్నారు సుంకం లెక్కగట్టే అసెస్‌మెంట్ అధికారి. నేను వాదించలేదు. తప్పు దిగుమతిదారుది కాదు, అడగకుండా రాసిన నాదని కాగితం మీద రాసిచ్చాను. బిల్‌లో సవరణకు అనుమతి దొరికింది. నాయుడు గారి మీద కేసు లేకుండా పోయింది. నాకు మాత్రం లిఖితపూర్వకంగా హెచ్చరిక వచ్చింది. అది ఇప్పటికీ నా ఫైల్లో ఉంది. ఉండాల్సిందే.

టారిఫ్ పుస్తకం వస్తువు ఇవాళ ఏమిటని మాత్రమే అడుగుతుంది. నేను ఆ ఒక్క ప్రశ్నతో ఆగడం మానేశాను. అది అలా ఎలా అయిందని కూడా అడుగుతాను. పోయిన నెల షోళింగనల్లూరు నుంచి ఒక ఇంటీరియర్ డిజైనర్ ఆనిక్స్ పలకల కాగితాలు తెచ్చింది. ఆ పేరుతో రెండు వేర్వేరు రాళ్లు అమ్ముతారు. ఇది ఎలా పుట్టిందని అడిగితే, “పేపర్స్ చాలవా అక్కా?” అని నవ్వింది. అయినా మరునాడు ఒక ముక్క పట్టుకొచ్చింది. సున్నపురాయి కరిగిన నీరు బొట్టు బొట్టుగా పేరుకుంటే ఏర్పడేది అది. కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకున్నాం. పొర మీద పొర, తేనెరంగులో, లోపల దీపం వెలిగించినట్టు కనిపించింది. ఆ అమ్మాయి నవ్వు ఆగిపోయింది. ఇద్దరం కాసేపు అలాగే చూస్తూ నిలబడ్డాం. ఆ తర్వాతే టారిఫ్ పుస్తకం తెరిచాను.