ఫ్రిజ్ గ్యాస్ గురించి నేనిచ్చిన మాట

నా పెళ్లి నాటి ఫ్రిజ్ మొన్న వేసవిలో కన్నుమూసింది. దాన్ని వంటింట్లోంచి వాకిట్లోకి జరపడానికి నేను పడ్డ కష్టంతో వేయిస్తంభాల గుడికి ఇంకో వంద స్తంభాలు నిలబెట్టవచ్చు.

పాతసామాన్ల వాళ్లకు ఇచ్చేస్తానంటే, ఇంటర్ చదివే నా కూతురు గుమ్మానికి అడ్డం నిలబడింది. "దాంట్ల పాత గ్యాస్ ఉంటది నాన్నా. బయటికి ఇడువద్దు," అంది. ఎందుకో కూడా చెప్పింది. ఆకాశంలో బాగా ఎత్తున, సూర్యుడి అతినీలలోహిత కిరణాలు ఆక్సిజన్ జంటల్ని విడగొడతాయట. విడిపోయిన పరమాణువు ఒంటరిగా ఉండలేక ఇంకో జంట పక్కన చేరుతుంది. ఆ ముగ్గురి కాపురమే ఓజోన్. మన నెత్తి మాడకుండా ఆ కిరణాలకు అడ్డుపడేది అదే. ఫ్రిజ్ గ్యాస్ ఏళ్లకేళ్లు తీరిగ్గా పైకెక్కి, అక్కడి ఎండకు విరిగి, క్లోరిన్‌ను వదులుతుంది. అది ఒక ఓజోన్ కాపురాన్ని కూల్చి, చొక్కా నలగకుండా బయటపడి, మరో ఇంటి తలుపు కొడుతుంది. అలాంటి చుట్టం మాకూ ఒకడున్నాడు కాబట్టి నాకు వెంటనే అర్థమైంది.

"ఒక్క బుడగ గూడ పోనియ్య, ఒట్టు," అన్నాను.

కాశిబుగ్గలో ఏసీలు బాగుచేసే నా చిన్ననాటి దోస్తుకు ఫోన్ చేశాను. "ఫికర్ జెయ్యకు బావా, గ్యాసంత సిలిండర్ల వట్టుకుంట," అన్నాడు. అన్నట్టే భుజాన సిలిండర్‌తో దిగాడు. నా కంటికి సంజీవని మోసుకొచ్చిన హనుమంతుడిలా కనిపించాడు.

కూతురు లోపలికి వెళ్లి చెప్పులు వేసుకొచ్చేలోగా, వాడు కటింగ్ ప్లేయర్‌తో సన్నటి రాగి గొట్టాన్ని పుటుక్కుమనిపించాడు. ఆ బుస్సుమన్న చప్పుడుకు స్టేషన్ ఘన్‌పూర్‌లో రైళ్లు ఆగిపోయి ఉంటాయి. నేను బొటనవేలు అడ్డం పెట్టాను. వేలు మంచుగడ్డయింది కానీ గ్యాస్ ఆగలేదు.

"మరి సిలిండర్ ఎందుకు తెచ్చినవ్‌రా?"

"అది నిండుగున్నది బావా, పక్క గల్లీల ఏసీకి నింపేది. నువ్వు నారాజైతవని జర సూపిచ్చిన. ఇన్నేండ్ల సంది గిట్లనే కోస్తున్నం, ఆకాశమేమన్న కూలిందా?"

అప్పటికే కూతురు గుమ్మంలో ఉంది. వాడు ఆమె వైపు తిరిగి, "నేనొద్దన్న బిడ్డా. మీ నాన్ననే జల్ది కోసెయ్యుమన్నడు," అన్నాడు.

నలభై ఏళ్ల దోస్తానా! నేను నోరు తెరిచాను. హైకోర్టులో వారం రోజులు నడిచేంత వాదన నా దగ్గరుంది. కూతురు కోసిన గొట్టాన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది.

"ఒట్టు పెట్టినవ్ గదా," అంది.

వాడిని మాత్రం ఒక్క మాట అనలేదు. వాడు ఆమెకు ఏ మాటా ఇవ్వలేదు.