ఆ సిపాయి ఆపమన్న చోట

మొన్న బెంగళూరు మారతహళ్ళిలో మా పాత ఆఫీసువాళ్ళం కొందరం మధ్యాహ్నం భోజనానికి కలిసినప్పుడు, అప్పట్లో నా పక్క కుర్చీలో కూర్చుని పనిచేసిన ఆవిడ తన కూతురికి నన్ను చూపించి, వియత్నాం యుద్ధానికి వెళ్ళొచ్చిన ఒక ఆస్ట్రేలియా సిపాయి మాటలు హెడ్‌ఫోన్లో విని వెక్కి వెక్కి ఏడ్చి, పని మధ్యలో వదిలేసి ఇంటికి పోయింది ఈ ఆంటీయేనని చెప్పింది. ఆ కథ మావాళ్ళ మధ్య ఏళ్ళ తరబడి తిరుగుతోంది, ఎవరి చేతిలో పడితే వాళ్ళు తమ ఉప్పూకారం కలుపుతూ. ఒకరు చెప్పేటప్పుడు ఆ సిపాయి పసిబిడ్డను చంపానని ఒప్పుకున్నాడు, ఇంకొకరు చెప్పేటప్పుడు ఊరికి ఊరే తగలబెట్టాడు. అన్నీ అబద్ధాలే. ఆయన అలాంటిదేమీ చెప్పలేదు, నేను ఏడవనూ లేదు, ఇంటికి పోనూ లేదు. పోట్లాడాను. ఏడుపుకూ పోట్లాటకూ తేడా తెలియనివాళ్ళు ఆడవాళ్ళ కథలు చెప్పకూడదని ఆ భోజనాల బల్ల దగ్గరే అన్నాను, ఆవిడ నొచ్చుకుని పాయసం ముట్టకుండా లేచిపోయింది. కళ్ళు ఎర్రబడ్డాయి కదా అని వాదించింది, పోయేముందు. తెల్లవారుజామున లేచి కంప్యూటరు ముందు కూర్చునేవాళ్ళ కళ్ళు ఎర్రబడక తెల్లకలువల్లా ఉంటాయా?

అప్పటికి రింగురోడ్డు మీద ఇన్ని వంతెనలు లేవు. మా ఆఫీసు ఒక సోఫాల దుకాణం పైఅంతస్తులో ఉండేది. వేరే దేశాల్లో ఎవరెవరో మాట్లాడి రికార్డు చేసిన మాటలు విని, ఒక్క మాట పోకుండా ఇంగ్లీషులో టైపు చేసి పంపడం మా పని. కాలికింద కుట్టుమిషనుకు ఉండేలాంటి పెడల్ ఒకటి ఉండేది, నొక్కితే మాట నడిచేది, వదిలితే ఆగేది, ఇంకో పక్క నొక్కితే వెనక్కి పోయేది. అనంతపురంలో ఎమ్మే ఇంగ్లీషు చదివి, చివరికి ఆ ఇంగ్లీషును కాలితో తొక్కుతున్నానని మా ఆయన ఎగతాళి చేసేవాడు. ఇంకో సంగతి కూడా చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది: మాది రాత్రి డ్యూటీ కాదు. అమెరికా పని చేసేవాళ్ళు రాత్రిళ్ళు మేలుకునేవాళ్ళు. ఆస్ట్రేలియావాళ్ళకు మనకంటే ముందే తెల్లవారుతుంది కాబట్టి మేము కోడికూతకు ముందు క్యాబ్ ఎక్కి, ఊరంతా ఇడ్లీలు తినే వేళకు సగం పని ముగించి, మధ్యాహ్నానికి ఇల్లు చేరేవాళ్ళం. అయినా మా వీధివాళ్ళకు నేను చివరిదాకా నైట్ షిఫ్టు ఆమెనే.

మత ప్రసంగాలు, కంపెనీ సమావేశాలు, విడాకుల కేసుల వాంగ్మూలాలు, ఏది వస్తే అది టైపు చేసేవాళ్ళం. ఒక ఏడాది ఆస్ట్రేలియాలో ఏదో గ్రంథాలయం తరఫున, వియత్నాంలో పోరాడి వచ్చినవాళ్ళ జ్ఞాపకాలు కట్టలుకట్టలుగా వచ్చాయి. వియత్నాం అంటే అమెరికా అనే నేనూ అనుకునేదాన్ని. అక్కడ ఆస్ట్రేలియావాళ్ళకేం పని అని అడిగితే మా టీమ్ లీడరుకూ తెలియదు. వినగా వినగా తెలిసింది. ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళ పుట్టినరోజులకు గుర్తుగా గోళీలు పెట్టి, వాటిని తిప్పి, మనం చీటీలు తీసినట్టు తీసి, ఎవరి తేదీ వస్తే వాళ్ళను పట్టాళంలోకి రమ్మన్నారట. ఓటు వెయ్యాలంటే ఆ దేశంలో అప్పట్లో ఇరవై ఒకటి నిండాలి, చావడానికి ఇరవై చాలు. అక్కడికి పోతే రబ్బరు తోటలు, వెదురు పొదలు, ఎర్రమట్టి, జలగలు, ఒంటిమీద బట్ట ఆరనివ్వని వానలు. బాటల మీద నడిస్తే మందుపాతరలు ఉంటాయని బాట వదిలి పొదల్లో పడి నడిచేవాళ్ళు. రోజుల తరబడి గొంతెత్తి మాట్లాడేవాళ్ళు కాదు, అంతా చేతిసైగలే. దగ్గు వస్తే టోపీ నోట్లో కుక్కుకునేవాళ్ళమని ఒకాయన చెప్పాడు. ఒకచోట వాళ్ళ సైన్యం పాతిన మందుపాతరలనే అవతలివాళ్ళు తవ్వి తీసుకుపోయి మళ్ళీ వీళ్ళ దారిలోనే పాతారట. నేను ఆ యుద్ధాన్ని వెనకేసుకురావడం లేదు. అక్కడి పల్లెల్లో వీళ్ళ తుపాకులకు మనుషులను పోగొట్టుకున్నవాళ్ళ జ్ఞాపకాలను రికార్డు చేసి మాకెవరూ పంపలేదన్న సంగతి అప్పుడే నాకు తట్టింది, తట్టి ఊరుకోక అందరితోనూ అన్నాను. కానీ చెవిలో మాట్లాడే మనిషిని ద్వేషించడం కష్టం. నెలల తరబడి ఆ ముసలిగొంతులు నా చెవుల్లో కాపురం ఉన్నాయి.

నేను చెప్పే సిపాయి గోధుమలు పండే ఏదో పల్లెవాడు. మాటల మధ్య టీ చప్పరించేవాడు, కుక్క మొరిగితే దాన్ని కసురుకునేవాడు. పక్క పొలంవాళ్ళ కుర్రాడు ఆయనకు చిన్ననాటి స్నేహితుడు. ఇద్దరి తేదీలూ వచ్చాయి, ఇద్దరూ కలిసే వెళ్ళారు, ఈయన ఒక్కడే తిరిగొచ్చాడు. అడవిలోంచి వచ్చిన కొద్ది రోజులకే వంటింటి బల్ల ముందు కూర్చుంటే, తల్లి ఇంకో ముక్క రొట్టె తింటావా అని అడిగిందట కానీ అక్కడేం జరిగిందని ఇంట్లో ఎవరూ అడగలేదట. అడిగింది ఒక్కరే, పక్క పొలంలోని ఆ స్నేహితుడి తల్లి. చివరిదాకా నేను వాడి పక్కనే ఉన్నానని ఆవిడకు చెప్పాను, అన్నాడు. అని టీ ఒక గుక్క చప్పరించాడు. తర్వాత, ప్రశ్నలు అడిగే ఆవిడతో, ఆ మిషను కాస్త ఆపమ్మా అన్నాడు. ఆవిడ అలాగే అంది. కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆయన మళ్ళీ మొదలుపెట్టాడు. మిషను ఆగలేదు.

నేను విన్నాను. కళ్ళకున్నట్టు చెవులకు రెప్పలు లేవు, పైగా మళ్ళీ ఇంటర్వ్యూ ఎక్కడ అందుకుందో తెలియాలంటే వినక తప్పదు. పాఠకులు అడుగుతారు ఆయన ఏం చెప్పాడని. ఆ తల్లికి చెప్పింది ఒకటి, జరిగింది ఇంకొకటి. నేను చెప్పగలిగింది అంతవరకే. ఉద్యోగం పోతుందన్నా టైపు చెయ్యనిది పత్రికలో రాస్తానా? ఆయన ఆపమన్నచోట వేళ్ళు ఆపి, ఇక్కడ మాట్లాడేవారు రికార్డింగ్ ఆపమన్నారు అని ఒక్క వాక్యం టైపు చేసి, తిరుగు ప్రయాణం గురించి ఆవిడ అడిగిన ప్రశ్న దగ్గర మళ్ళీ అందుకున్నాను.

మా పనిలో తప్పులు పట్టడానికి వేరే మనుషులు ఉండేవాళ్ళు, అంత పెద్ద ఖాళీని వాళ్ళు చూడకపోతారా. మధ్యాహ్నం ఇంటికి బయలుదేరేలోపే టీమ్ లీడరు వచ్చి నా బల్ల దగ్గర నిలబడ్డాడు. గుంటూరు అబ్బాయి, నాకంటే చిన్నవాడు, మంచివాడే.

"విన్నది టైపు చెయ్యడం వరకే మేడమ్ మన పని. మనం పోస్ట్‌మ్యాన్ లాంటోళ్ళం."

"పోస్ట్‌మ్యాన్ కవరు చింపి చదవడు నాయనా."

"రేపు క్లయింట్ అడిగితే నేనేం చెప్పాలండీ?"

"ఈమెకు చెవుడు అని చెప్పు."

ఎవరో నవ్వారు, దాంతో అతనికి పౌరుషం వచ్చింది. ఆ ఫైలు ఇంకొకరికి ఇస్తానన్నాడు. ఇస్తే ఆ ఇంకొకరితో కూడా పోట్లాడతానన్నాను. ఆపమన్నాక ఆగని మిషనుది తప్పా, ఆగిన నాది తప్పా తేల్చమన్నాను. నువ్వు మీ అమ్మకు చెవిలో చెప్పిన మాట రేపు గుంటూరు బస్టాండులో మైకులో వినిపిస్తే ఎలా ఉంటుందని అడిగాను. గొంతు హెచ్చిందని ఒప్పుకుంటాను. మా వాళ్ళు ఏడుపుగా చెప్పుకునేది దాన్నే. చివరికి అతను విసుగెత్తి, ఫైలు నేను చేసినట్టే పంపి, సంగతి ఇదీ అని క్లయింటుకు రాశాడు. ప్రశ్నలు అడిగిన ఆవిడ దగ్గర్నుంచే మర్నాడు జవాబు వచ్చింది: మిషను ఆపాననుకున్నాను, సిగ్గుగా ఉంది, మీరు చేసింది సరైన పని, ఆ భాగాన్ని ఇక్కడ రికార్డింగులోంచి కూడా తీసేస్తున్నాం, అని. టీమ్ లీడరు కాఫీ తెచ్చి నా బల్ల మీద పెట్టి, మీరు గెలిచారు లెండి అన్నాడు. గెలిచాననే నేనూ అనుకున్నాను.

ఇంత మొండితనం ఎక్కడిదంటే, అది మా చిన్నాయన వల్ల వచ్చింది. నేను ఇంటర్ చదివే రోజుల్లో మన పట్టాళం శ్రీలంకకు వెళ్ళినప్పుడు మా చిన్నాయన కూడా వెళ్ళాడు. అదీ సముద్రం అవతలి అడవే, అక్కడా మందుపాతరలే. సెలవుకు హిందూపురం వచ్చినప్పుడు ఒకనాడు మా అమ్మ ఒక్కతే ఇంట్లో ఉండగా ఏదో చెప్పాడు. మా అమ్మ కడుపులో మాట దాగదు. సాయంత్రానికి కొళాయి దగ్గర అందరికీ తెలిసింది, పొద్దుగూకేసరికి కిరాణా కొట్టాయన చిన్నాయనను పిలిచి, నీ నోటితో చెప్పమని కొట్టు ముందు బెంచీ మీద కూర్చోబెట్టుకున్నాడు. ఆ తర్వాత ఆయన ఆ యుద్ధం ఊసు ఎన్నడూ ఎత్తలేదు. మా అమ్మ నోటిదూల వల్లే ఆయన నోరు పడిపోయిందని నేను ఏళ్ళ తరబడి నమ్మాను, ఆమెతో ఆ విషయంగా గొడవ కూడా పడ్డాను. ఆ సిపాయి ఆపమన్నప్పుడు నాకు కనబడింది ఆ కొట్టు ముందు బెంచీయే.

పట్టాళం నుంచి వచ్చేశాక చిన్నాయన బెంగళూరు శివారు చందాపుర దగ్గర ఒక ఫ్యాక్టరీలో సెక్యూరిటీ ఉద్యోగంలో చేరి అక్కడే కాపురం పెట్టాడు. చలికాలంలో ఒక ఆదివారం మేము వెళ్తే, చిన్నమ్మ పితికిపప్పు చేస్తానని నానబెట్టిన అనపగింజలు అందరి ముందూ పోసింది. తొక్క ఊడేలా గింజలు పితుకుతూ నా విజయగాథ చెప్పాను. మెచ్చుకుంటాడని చూస్తే ఆయన నా వైపు కూడా చూడకుండా అడిగాడు.

"మిషను ఆపితే టక్కుమంటాది కదా?"

"అంటుంది."

"అనిందా?"

"లేదు. అందుకే కదా ఆగలేదని తెలిసింది."

"యాడో బెంగళూరులో ఉన్న నీకు తెలిసింది, పక్కన కూర్చున్న ఆయప్పకు తెలీదా పాపా? అడివిలో చీమ చిటుక్కుమన్నా లేచి కూర్చునే చెవులవి. మీట నొక్కిందో లేదో తెలీకుండా ఉంటాదా?"

నేను ఊరుకుంటానా. ముసలాయనకు తుపాకుల మోతకు చెవులు పోయి ఉండవచ్చన్నాను. మనసులో ఏముందో మనకెందుకు, నోటితో ఆపమన్నాడు కదా, మనిషి మాటకు విలువ ఇవ్వాలా వద్దా అన్నాను. ఆపమని చెప్పకుండా అట్లాంటి మాట ఎవడన్నా మొదలుపెడతాడా అన్నాడాయన. అప్పుడు నాకు ఒళ్ళు మండి, మా అమ్మ సంగతి ఎత్తాను, నీకు జరిగింది ఇంకొకరికి జరగకూడదనే ఇదంతా చేశానన్నాను. చిన్నాయన చేతిలో గింజ వదిలేసి నవ్వాడు.

"మీ అమ్మకు చెప్తే ఊరికంతా చెప్తాదని నాకు తెలీదా మే? రేడియోకి చెప్పినట్లే అని తెలిసే చెప్తిని. ఇంటింటికీ పోయి నేనే చెప్పుకునేకి చేతగాక."

"మరి ఆ తర్వాత నోరెందుకు మూసుకున్నావు?"

"విన్నోళ్ళు బాగుండాది, ఇంగో కత చెప్పప్పా అనిరి."

  ఆ తర్వాత అసలు అమ్మకు ఏం చెప్పావని అడిగితే, మీ అమ్మనే అడుగు అన్నాడు. మా అమ్మ పోయి అప్పటికి ఏడాది దాటింది. కొళాయి దగ్గర విన్నవాళ్ళలో ఒకరిద్దరిని తర్వాత కనుక్కుంటే ఒకరు చెప్పినది ఇంకొకరు చెప్పలేదు. చిన్నాయన కూడా ఇప్పుడు లేడు.

ఆ సోమవారమే ఆఫీసులో ఆ ఫైలు కోసం వెతికాను. వెతికి ఏం చేసేదాన్నో నాకే తెలియదు. పని పంపేశాక ఆడియోలు మా దగ్గర ఉంచుకోకూడదు, ఎప్పుడో చెరిపేశారు. అక్కడ కూడా కత్తిరించామన్నారు కదా. ఆయన గొంతుతో ఆ మాటలు ఇక ఎక్కడా లేవు. అడిగినావిడ తలలో ఉండి ఉంటాయి, నా తలలో ఉన్నాయి, అంతే. స్నేహితుడి తల్లి అప్పటికే బతికి ఉండే వయసు కాదు. కానీ ఆ కుర్రాడికి అన్నదమ్ములు ఉన్నారేమో, వాళ్ళ పిల్లలు ఆ గ్రంథాలయానికి వెళ్ళి ఆ కాగితాలు తీస్తే, వాళ్ళకు చివరిదాకా పక్కనే ఉన్నానన్న మాట దొరుకుతుంది, దానికింద నేను టైపు చేసిన ఒక్క వాక్యం దొరుకుతుంది.

ఇప్పుడు ఆ పని మనుషులు చెయ్యడం లేదు. మా టీమ్ లీడరు, అతనికీ జుట్టు నెరిసింది, మొన్న భోజనాల దగ్గర ఫోనులో చూపించాడు: మనం మాట్లాడుతుంటే అదే అక్షరాలుగా పడిపోతుంది, పెడల్ లేదు, తప్పులు పట్టేవాళ్ళు లేరు. పరీక్షకని నేను తెలుగులో ఆపు అన్నాను, ఆపు అని టైపు చేసి తర్వాతి మాట కోసం చూస్తూ కూర్చుంది. దానితో పోట్లాడేవాళ్ళు ఉండరు. అది మంచికేనేమో అని కూడా ఈమధ్య అనిపిస్తోంది. అది ఆ రోజుల్లోనే ఉంటే ఆ ముసలాయన మాట ఆ కాగితాల్లో భద్రంగా ఉండేది, మా చిన్నాయనకు మా అమ్మ దాకా రావలసిన పని ఉండేది కాదు. మళ్ళీ అంతలోనే, ఒక మనిషి బతిమాలుకుంటే ఆగడం తెలియనిదానికి ఎవరైనా ఏమని చెప్పుకుంటారని నాతో నేనే వాదిస్తాను. రెండువైపులా నేనే గెలుస్తాను కాబట్టి తెగదు.

ఆ సిపాయి బతికుంటే ఎనభైకి దగ్గర పడుతుంటాడు. ఆయన ఏం చెప్పాడో నాకు తెలుసు, ఎవరికని చెప్పాడో తెలియదు. అమ్మా, నువ్వు మీట నొక్కావో లేదో ఆయన చూశాడా? ఆ రోజు ఆయనకెదురుగా కూర్చుని ప్రశ్నలు అడిగిన ఆవిడ ఎప్పుడైనా కనబడితే నేను అడగదలచుకున్నది అదొక్కటే.