బాబా తుపాకికి నేను కుట్టిన రవిక

ఆ రోజుల్లో నాకు తోమే జబ్బు ఉండేది. కంటికి మరక కనబడితే చేతులు ఊరుకునేవి కావు. మా కడప పల్లెలో పెళ్ళిళ్ళకు తెచ్చిన గుండిగలన్నీ నా ముందే బోర్లించేవాళ్ళు ("ఆ పాపకే ఇయ్యండమ్మా, అడుగున మసి కూడా మిగల్చదు" అని పొగిడి మరీ తోమించుకునేవాళ్ళు. పొగిడితే కూలి అడగనని వాళ్ళకు తెలుసు). ఆ మాటలే నన్ను చెడగొట్టాయి. ఏ పనిలో పేరొచ్చిందో ఆ పనితోనే ఒకనాడు కొంప మునిగే ప్రమాదం ఉందని ఇప్పుడంటే తెలుసు గానీ, ఇరవై ఆరేళ్ళప్పుడు, మస్కట్‌లో బౌషర్ అనే చోట ఒక ఇంట్లో పనికి కుదిరిన కొత్తలో, నాకు అంత జ్ఞానం ఎక్కడిది?

పెద్ద తుఫాను వచ్చిపోయిన మరుసటి ఏడాది అది. ఇంటి యజమానిని బాబా అని పిలిచేవాళ్ళం. అల్ ఖువైర్‌లో ఒక బ్యాంకులో పెద్ద ఉద్యోగం, చీమను కూడా పక్కకు తప్పించి నడిచే మెత్తటి మనిషి. తాతల నాటి నుంచి ఉర్దూ కూడా తెలిసిన బలూచీ కుటుంబం కావడంతో హిందీ బాగా మాట్లాడేవాడు. అలాంటి మనిషికి తుపాకుల పిచ్చి. నిజం తుపాకులు కావులెండి, శనగగింజంత ప్లాస్టిక్ గుళ్ళు పేల్చే ఆట తుపాకులు. చూడటానికి మాత్రం అచ్చం పటాలంలో వాడేవే. ఆయనా, ఆయనలాంటి ఆఫీసు స్నేహితులు ఇంకో ఎనిమిది మందీ సెలవు వచ్చే గురువారాల్లో షినాస్ దగ్గర ఒకరి ఖర్జూరం తోటకు వెళ్ళి చెట్ల చాటున దాక్కుని ఒకరినొకరు కాల్చుకునేవాళ్ళు. ఆడేది గంట, ముస్తాబు చేసేది నెల. పెళ్ళికూతురికి నగలు పెట్టినట్టు ఆ తుపాకులకు దుర్భిణీలు, లైట్లు, పట్టీలు, రంగులు. ఏడాదికి ఒకసారి పోటీ కూడా: తుపాకులన్నీ తోటలో నేల మీద పెడితే, ఎవరిది మట్టిలో కలిసిపోయి అందరికంటే ఆఖరున కంటబడుతుందో వాళ్ళకు ఇత్తడి కాఫీ కూజా బహుమతి. బాబాకు ఆ కూజా ఒక్కసారి కూడా రాలేదు.

ఇక నా సంగతి. పనిమనిషిని మూడు నెలలు చూసుకుని, నచ్చకపోతే 'మక్తబ్'కి, అంటే మమ్మల్ని తెప్పించిన ఏజెంటు ఆఫీసుకి, తిరిగి ఇచ్చేయవచ్చు, అంగట్లో కొన్న మిక్సీ లాగా. అక్కడి నుంచి ఎలాంటి ఇంటికి తోస్తారో, తిరుగు విమానమే ఎక్కిస్తారో మన చేతిలో ఉండదు. నా మూడు నెలలకు ఇంకా పది రోజులే మిగిలాయి. ఈ పది రోజులూ ఇంటిని అద్దంలా ఉంచితే గట్టెక్కినట్టే అనుకున్నాను.

ఆ సోమవారం బాబా భార్య, మా మేడం, నాకు మజ్లిస్ వెనుక ఉన్న సామాన్ల గది చూపించి, చేత్తో తుడవమన్నట్టు సైగ చేసి పడుకుంది. మజ్లిస్ అంటే మగవాళ్ళు అతిథులతో కూర్చునే పెద్ద గది. వెనుక గదిలో బల్ల మీద బాబా తుపాకి ఉంది. ఎంత మురికిగా ఉందంటే, పచ్చటి మరకలు, గోధుమరంగు మరకలు, మధ్యలో పాము పొలుసుల్లాంటి గీతలు, గొట్టం చుట్టూ మట్టిరంగు పేలిక చుట్టి ఉంది. పక్కన ఒక చీటీ ఉంది. దాన్ని మడిచి చెత్తబుట్టలో వేశాను ("ముట్టుకోవద్దు" అని రాసి ఉందట. ఇంగ్లీషులోనో అరబ్బీలోనో, తెలుగులో రాసి పెట్టినా అప్పటికి నాకు ఒకటే). తర్వాత స్టీలు పీచు, నిమ్మచెక్క, సబ్బు తీసుకుని కూర్చున్నాను. బకెట్‌లో నీళ్ళు పచ్చగా మారుతుంటే నాకు కలిగిన ఆనందం ఏమని చెప్పను! ఎన్నాళ్ళ మురికో పాపం అనుకున్నాను. పేలిక విప్పి, ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి నాలుగు మడతలు పెట్టాను. చివరికి తుపాకి నల్లగా నిగనిగలాడింది. అక్కడితో ఆగినా బాగుండేది. కొబ్బరినూనె కూడా రాశాను.

సాయంత్రం బాబా రాగానే చూసుకుంటాడని తెచ్చి మజ్లిస్‌లో, వచ్చే దారికి ఎదురుగా పెట్టి, మెప్పు కోసం తలుపు పక్కన నిలబడ్డాను. బాబా వచ్చాడు. చూశాడు. నెమ్మదిగా కింద కూర్చున్నాడు.

"ఏ... ఇత్నా చమక్ క్యోం రహా హై?" అన్నాడు. ఇంతగా ఎందుకు మెరుస్తోందీ అని. ఆ గొంతులో కోపం లేదు, ఇంట్లో ఎవరికో ప్రాణం మీదికి వచ్చినట్టు ఉంది. నాకది మెప్పులాగే వినబడి, "మై కియా బాబా! పూరా సాఫ్!" అని, అంతా నేనే శుభ్రం చేశానని గుండెల మీద చెయ్యి వేసుకుని చెప్పాను.

మేడం వచ్చి చూసి రెండే మాటలు అంది. "ఖలాస్. మక్తబ్." మూడు నెలల్లో నేను బాగా నేర్చుకున్న అరబ్బీ మాటలు ఆ రెండే.

బయటికి వస్తే కారు తుడుస్తూ డ్రైవరన్న కనిపించాడు. నిర్మల్ వైపు మనిషి, ఇంట్లో తెలుగు మాట్లాడే ఏకైక ప్రాణి.

"ఏం జేసినవ్ చెల్లె? గది బాబా నెల రోజుల పని! ఎండలకెల్లి అచ్చి కడుపుల ఇంత బువ్వ గూడ తినకుండ కూసునేది. పాము పొలుసు లెక్క రావాల్నని నీ బట్టల జాలీ సంచి అడ్డంబెట్టి రంగు గొట్టిండు!"

"ఓహో, నా జాలీ సంచి పోయింది అందుకా! వారం నుంచి యెతుకుతాండా."

"నౌకరి పోతాంది అంటే సంచి గురించి ఏడుస్తవేందే?"

అప్పుడు సంచి సంగతి వదిలేసి రోజులు లెక్కపెట్టాను. పోటీ గురువారమే. రంగు మళ్ళీ వేయడానికి లేదు, డబ్బాలు స్నేహితుడెవరో దుబాయి నుంచి తెచ్చినవి, అయిపోయాయి. "అన్నా, నాకు రంగు లేకపోయినా పరవాలేదు. బొంత కుట్టేది వచ్చు. మట్టిరంగు బొంత కుట్టి దానికి తొడుగుతా. బాబాతో చెప్పన్నా, మూడు దినాలు ఇయ్యమని," అన్నాను. డ్రైవరన్న ఆకాశం వైపు చూసి, "తుపాకికి బొంతా? సలి పెడ్తాందా దానికి?" అన్నాడు గానీ, లోపలికి వెళ్ళి చెప్పాడు. బాబా ఎంత నీరసపడి ఉన్నాడంటే, సరే కానీ అన్నట్టు చెయ్యి ఊపాడు. మేడం మాత్రం శనివారం మక్తబ్‌కి ఫోన్ చేయాలని ఆయనకు గుర్తుచేసింది.

మర్నాడు మధ్యాహ్నం మేడం పడుకోగానే వంటింట్లో గిన్నెలు పొయ్యెక్కించాను. నా పాత నేతచీర ఒకటి ముక్కలు చేసి, ఒక గిన్నెలో కాఫీ పిప్పి, ఒకదాంట్లో దానిమ్మ తొక్కలు, ఇంకోదాంట్లో లూమి అని అక్కడ కూరల్లో వేసే ఎండు నల్ల నిమ్మకాయలు, దానికి తోడు నాలుగు తుప్పు మేకులు వేసి ఉడకబెట్టాను. డ్రైవరన్న కిటికీలోంచి తొంగి చూసి, "చారు మంచిగ వాసనొస్తాంది. మేకులు మెత్తగైనయా?" అని అడిగి వెళ్ళాడు. ఏమన్నా అనండి, ఆ రంగులు ఏ డబ్బాలోనూ దొరకవు. ఒకటి ఎండిన మట్ట రంగు, ఒకటి దుమ్ము రంగు, ఒకటి రాతి నీడ రంగు. పొరలు పొరలుగా పేర్చి, బియ్యం గోనెసంచి పీచులు అక్కడక్కడా వదులుగా వేలాడదీసి, తుపాకి మీదే పెట్టి బొంతకుట్టు కుట్టేశాను. బుధవారానికి పూర్తయింది. డ్రైవరన్నకు చూపించాను.

అటూ ఇటూ తిప్పి, "మంచిగనే ఉన్నది చెల్లె," అన్నాడు. "గని గుళ్ళ డబ్బ కిందికెల్లి ఊడదీసి నింపుతరు. నువ్వు మూట గట్టినట్టు అంత మూసి కుట్టినవ్. గుళ్ళు యాడికెల్లి పొయ్యాలె, చెవులకెల్లా?"

ఆ మాట నిజం. కింద కోసి మూత పెట్టాలి, మూత నిలవాలంటే ఏదైనా అతుకు కావాలి. బాబా స్నేహితులందరూ టర్రుమని చిరిగినట్టు చప్పుడు చేసే అంటుకునే పట్టీలు వాడేవాళ్ళు. అవి నా దగ్గర లేవు. నా పెట్టెలో ఊరి నుంచి తెచ్చుకున్న రవికలు నాలుగున్నాయి (ఆ ఇంట్లో పొడుగు గౌనే వేసుకోవాలి కాబట్టి అవి మడత విప్పలేదు). ఒక్క క్షణం ఆలోచించి, రెండు రవికల హుక్కులు కోసి, మూతకు వరసగా కుట్టేశాను. కాజాలు కూడా పద్ధతిగా వేశాను. తుపాకికి రవిక తొడిగినట్టయింది.

గురువారం వంటకు నన్నూ తోటకు తీసుకెళ్ళారు. బాబా సంచిలోంచి తుపాకి తీయగానే స్నేహితులు ఒకటే నవ్వు. "దీనికి జ్వరమా?" అన్నట్టు ఒకాయన నుదురు తాకినట్టు గొట్టాన్ని తాకాడు. బాబా చెవులు ఎర్రబడ్డాయి. నేను పొయ్యి దగ్గర తల వంచుకుని ఉల్లిపాయలు కోస్తూ, కళ్ళ నీళ్ళకు ఉల్లిపాయలే కారణం అనిపించుకున్నాను.

ఆట మొదలైంది. ఎప్పుడూ మొదట దొరికిపోయేది బాబాయేనట. ఆరోజు అలా కాలేదు. చెట్ల వెనుక ఎవరైనా గుళ్ళు నింపుకోవాలంటే టర్రుమని చప్పుడయ్యేది, ఆ చప్పుడు వచ్చిన వైపు బాబా కాల్చేవాడు. బాబా నింపుకుంటుంటే మాత్రం ఏ చప్పుడూ లేదు. హుక్కు ఊడితే ఎవరికి వినబడుతుంది? ఆఖరికి తోటలో మిగిలిందీ, చేతులెత్తి గంతులేస్తూ వచ్చిందీ ఆయనే. డ్రైవరన్న నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి, "చెల్లె! మనోడు గెలిచిండే!" అన్నాడు. మొదటే ఓడిపోతాడనుకున్న మనిషి ఒక్కసారిగా మనోడయ్యాడు.

తర్వాత అసలు పోటీ. మిలట్రీలో చేసి వచ్చిన మీసాల పెద్దాయన న్యాయం చెప్పేవాడు. అందరూ తమ తమ తుపాకులు తోటలో పెట్టి వచ్చారు. వెతకడం మొదలైంది. ఒకటి, రెండు, అలా ఎనిమిదీ దొరికాయి. తొమ్మిదోది దొరకలేదు. చాలాసేపు చూసి పెద్దాయన ఓడిపోయామని ఒప్పుకుని, ఇక తెచ్చుకొమ్మన్నాడు. బాబా ఠీవిగా నడిచి వెళ్ళి ఒక చెట్టు కింద వంగాడు. లేచాడు. పక్క చెట్టు కింద వంగాడు. ఆ తోటలో చెట్లన్నీ ఒక్కలాగే ఉంటాయి మరి. ఎక్కడ పెట్టాడో ఆయనకే తెలియలేదు! పెద్ద పెద్ద ఆఫీసర్లు తొమ్మిది మంది, పోయిన గాజు కోసం వెతికినట్టు వంగి వంగి నేలంతా తడుముతున్నారు. ఇంతలో తోటలోని మేక ఒకటి చెట్టు మొదట్లో ఏదో పట్టుకుని లాగుతోంది. చూస్తే నా గోనెపీచు! పీచుతో పాటు తుపాకి కదిలింది. పెద్దాయన టోపీ తీసి, మనిషి కంటికి దొరకలేదు, మేకకు దొరికింది, కూజా ఈ తుపాకికే అన్నాడట.

కూజా చేతికి రాగానే బాబా, అది తన పనే అని ఊరుకుంటే అడిగేవాళ్ళు లేరు. ఆయన తిన్నగా పొయ్యి దగ్గరున్న నా వైపు చెయ్యి చూపించి, "ఇస్నే బనాయా" అన్నాడు, ఇది చేసింది ఈమే అని. అందరూ వచ్చి చుట్టూ నిలబడ్డారు. మసాలా చేతులతో లేచాను. ఒకాయన మూత తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి, చప్పుడు చేయని ఈ క్లిప్పులు ఏ దేశం నుంచి తెప్పించారని అడిగాడు. అంతమంది మగవాళ్ళకు అవి రవిక హుక్కులని ఎలా చెప్పేది? నేను డ్రైవరన్న వైపు చూశాను. ఆయన గొంతు సవరించుకుని, "సర్, ఏ కడప కా స్పెషల్ హై. బాహర్ నహీ మిల్తా," అన్నాడు, బయటెక్కడా దొరకవని. అందరూ గౌరవంగా తలలూపారు. అక్కడికక్కడే ఇంకో ఎనిమిది తుపాకులకు కుట్టే బేరం వచ్చింది.

శనివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర బాబా మక్తబ్‌కి ఫోన్ చేశాడు. చేతిలోని చెంబు ఎక్కడ పెట్టానో నాకు తెలియదు. మక్తబ్‌లో మేనేజరు మలయాళీ, అందుకని మాటలు హిందీలో నడిచాయి. "ఏ లడ్కీ వాపస్ నహీ ఆయేగీ," అన్నాడు బాబా. ఈ పిల్ల ఇక తిరిగి రాదు, ఇలా కుట్టేవాళ్ళు ఇంకెవరైనా ఉంటే చెప్పండి, నా స్నేహితులు అడుగుతున్నారు అని కూడా అన్నాడు. మేడం తన కంచంలోని చేప ముక్క ఒకటి తీసి నా పళ్ళెంలో వేసింది.

ఆ తర్వాత వంటింట్లోకి నేను నడిచిన నడక తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. కొంగు లేని గౌనుకే కొంగు దోపుకున్నట్టు నడుం మీద చెయ్యి పెట్టుకుని, తొమ్మిది మంది ఆఫీసర్లను గెలిచిన దాన్ని నేను అనుకుంటూ నిలబడ్డాను. అలా నిలబడే ఉండగా పొయ్యి మీద సాయంత్రానికి పెట్టిన పప్పు అడుగంటింది. ఆ ఇంట్లో ఎవరూ కిక్కురుమనకుండా ఆ మాడు పప్పే తిన్నారు. నేను కూడా తప్పయిందని అనలేదు, ఇంకొంచెం వేయమంటారా అని అడిగాను! అంత పొగరు నాకు మళ్ళీ ఎప్పుడూ రాలేదు. అప్పుడప్పుడూ వస్తే బాగుండునని మాత్రం అనిపిస్తుంది.