వంతెన మీద ఆగిపోయిన సాక్షి

మొన్న మంగళవారం పొద్దున్నే ఆఫీసరు గారు పోయారు. వాళ్ళమ్మాయి ఫోన్ చేసి, "బాబాయి గారూ, నాన్న ఇక లేరండి, ఒకసారి రండి" అంది. చొక్కా గుండీలు ఎలా పెట్టుకున్నానో కూడా చూసుకోకుండా పరిగెత్తాను. ఉద్యోగం పోయి పద్నాలుగేళ్ళయినా మా కొవ్వూరులో ఆయన్ని అందరూ ఆఫీసరు గారనే పిలిచేవాళ్ళు. ఆ ఉద్యోగం పోవడానికి నా సాక్ష్యమూ ఒక కారణం. అందుకే ఈ నాలుగు ముక్కలు నేనే రాయాలనిపించింది.

ఢిల్లీ నుంచి నడిచే దర్యాప్తు శాఖలో ఒకప్పుడు ఆయన పేరు మోగిపోయేది. గుళ్ళలో విగ్రహాలు ఎత్తుకెళ్ళే ముఠా వెనక మూడు రాష్ట్రాలు తిరిగి, అందరినీ పట్టుకొచ్చారు. ఉద్యోగమని నమ్మించి ఎక్కడో అమ్మేసిన ఆడపిల్లల్ని వెతికి ఇళ్ళకి చేర్చారు. వాళ్ళలో ఒకమ్మాయి తల్లి ఉప్పాడ నుంచి ఏటా ఒక నేత చీర పట్టుకుని వచ్చేది. ఆయన చీర తీసుకునేవారు కాదు, అన్నం తినకుండా ఆవిణ్ణి పంపించేవారూ కాదు. పేపర్లో పడ్డ ఆయన ఫోటో కత్తిరించి, మా ఆఫీసులో నా బీరువా తలుపుకి లోపలివైపు అంటించుకున్నాను. నేను నీటిపారుదల ఆఫీసులో గుమాస్తాని.

సోదా చేసేటప్పుడు ఇద్దరు సాక్షులు మొదటి నుంచీ దగ్గరుండి చూడాలి. మాలాంటి ప్రభుత్వోద్యోగుల్ని పిలుస్తారు. రాజమండ్రి అవతల ఒక గోదాములో నకిలీ మందులున్నాయని, పొద్దున ఆరింటికల్లా రమ్మని ఒకసారి నాకూ కబురొచ్చింది. ఫోటోలో మనిషిని దగ్గర్నుంచి చూడొచ్చని ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాను. వంతెన మీద లారీ అడ్డం తిరిగింది. నేను చేరేసరికి ఏడు దాటింది, తాళం అప్పటికే పగిలింది.

లోపలివాళ్ళు సరుకు తగలబెట్టేస్తారని ఆయన నాకోసం ఆగకుండా, వచ్చిన రెండో సాక్షితోనే తాళం పగలగొట్టించారు. అందులో తప్పేం లేదు. కానీ కాగితంలో మాత్రం, ఆరింటికి నా కళ్ళెదుటే తాళం తీసినట్టు రాశారు. "ఇక్కడ సంతకం పెట్టండి" అని తన పెన్నే నా చేతికిచ్చారు. అంతటి మనిషి పెన్ను ఇస్తే చదవాలన్న ధ్యాస ఎవడికుంటుంది? పెట్టేశాను.

రెండేళ్ళకి కేసు కోర్టుకొచ్చింది. వంతెన మీద ఆగిపోయిన బళ్ళ ఫోటో వేసిన పాత పేపరు అవతలి ప్లీడరు సంపాదించాడని తెలిసిపోయింది. కోర్టు వరండాలో ఆయన దగ్గరికెళ్ళాను.

"ఏం చెప్పమంటారండీ?" అన్నాను.

"ఏం జరిగిందో అదే చెప్పండి."

"మరి మీ ఉద్యోగం?"

"అది నేను చూసుకుంటాను కదండీ. మీరు లోపలికెళ్ళండి."

ఆరింటికి ఎక్కడున్నావని ప్లీడరు అడిగాడు. వంతెన మీద ఉన్నానన్నాను. తర్వాత ఆయన బోనెక్కి, "ఆ టైము వేసింది నేనే, ఆ గుమాస్తా గారి తప్పేమీ లేదు" అన్నారు. కిందివాళ్ళ మీదికి నెట్టేయొచ్చు, నెట్టలేదు. దొంగలు నవ్వుకుంటూ బయటికొచ్చారు. పాత కేసులు తవ్వితే ఇంకో రెండింట్లోనూ ఇలాగే టైములు సర్దినట్టు తేలింది. ఉద్యోగం తీసేశారు. నా బీరువాలో ఉన్న ఫోటోనే పేపరువాళ్ళు మళ్ళీ వేశారు, పైన హెడ్డింగు మాత్రం వేరు. ఆయనంటే నాకెంత గౌరవమో అంత కోపమూ ఉంది. ఆ మందులు మింగినవాళ్ళకి మేమిద్దరం ఏం జవాబు చెబుతాం?

ఆయన సొంతూరు కొవ్వూరు వచ్చేశాక నెలరోజులు ఆయనుండే వీధి మొహమే చూడలేదు నేను. చివరికి ఆయనే మా ఇంటికొచ్చి, "ఏంటండీ గుమాస్తా గారూ, కాఫీ కూడా ఇవ్వరా?" అన్నారు. గ్లాసు ఖాళీ చేశాక నెమ్మదిగా చెప్పారు. "ఒక సాక్షి ఆలస్యంగా వచ్చాడని ఒక్క ముక్క రాసుంటే కేసు నిలబడేదండి. నా సోదాకి వంక ఉండకూడదనుకున్నాను. పొగరండీ, ఇంకేం లేదు." ఆ రోజు నాకు ఏడుపొచ్చింది.

ఆ తర్వాత వీధిలో ఏ కాగితమైనా ఆయన దగ్గరికే వెళ్ళేది. "చదివారా? చదివాకే సంతకం" అనేవారు. చర్చి కమిటీవాళ్ళు మీటింగుకి రానివాళ్ళ పేర్లు కూడా వచ్చినట్టు రాసుకొస్తే, "వీళ్ళొచ్చారాండీ?" అని అడిగి ఆ పేర్లు అక్కడే కొట్టేయించేవారు. పెద్దలు మొహాలు ముడుచుకునేవారు, మళ్ళీ నెల ఆయన దగ్గరికే వచ్చేవారు.

మంగళవారం మధ్యాహ్నం వాళ్ళమ్మాయి ఒక కాగితం తెచ్చింది. ఇంట్లోనే పోయారు కాబట్టి, పోయేటప్పుడు దగ్గరున్నవాళ్ళ సాక్షి సంతకం కావాలని మున్సిపల్ ఆఫీసులో అన్నారట. పోయిన సమయం ఐదూ నలభై అని రాసుంది. చదివాను. రెండోసారి కూడా చదివాను.

"నేనొచ్చేసరికి ఆరున్నర అయిందమ్మా" అన్నాను.

"ఏముంది బాబాయి గారూ, మీరు ఇంటిమనిషే కదా. పెట్టేయండి."

గదిలో ఆయన మంచం పక్కన కళ్ళజోడు మడిచి పెట్టి ఉంది. పెన్ను తీసుకుని, "నేను ఆరున్నరకి వచ్చాను, అప్పటికే వెళ్ళిపోయారు" అని ఒక్క ముక్క రాశాను. దాని కింద సంతకం పెట్టాను.