బాపు బేరమాడిన స్పీకర్ డబ్బా

పాత వస్తువు ఏది కొనాల్సి వచ్చినా మా బాపుకు తెలిసిన పద్ధతి ఒక్కటే, ఎద్దును కొనే పద్ధతి. సైకిలు కొన్నా, కుట్టుమిషను కొన్నా, చివరికి మా అవ్వకు ఇత్తడి గంగాళం కొన్నా ముందు దాని చుట్టూ తిరిగేవాడు, తట్టేవాడు, కొంచెం వెనక్కి జరిగి కళ్లు చికిలించి చూసేవాడు. ఆ తర్వాత అమ్మేవాడి మొహంలోకి చూసి, "గంత మంచిదైతె ఎందుకు అమ్ముతున్నవ్?" అని అడిగేవాడు. ఆ ప్రశ్నకు మెట్‌పల్లి అంగడిలో తడబడని మనిషిని నేను చూడలేదు. అలాంటి బాపును పట్టుకుని గిటారుకు స్పీకర్ డబ్బా చూసిపెట్టమన్నాను. అడిగే ముందు కాస్త ఆలోచించాల్సింది.

అప్పటికి నేను పెళ్లయి బెల్లంపల్లి వచ్చి కొన్నేళ్లయింది. మా ఆయన బొగ్గుబాయిలో కరెంటు పని చేసేవాడు. లైన్ క్వార్టర్లలో మా గోడ పక్కన ఒక బెంగాలీ సర్వేయరు కుటుంబం ఉండేది. ఆయన భార్యను నేను దీదీ అనేదాన్ని. ఆమె దగ్గర ఒక గిటారు ఉండేది. ఒళ్లో పడుకోబెట్టుకుని, తీగల మీద ఉక్కు కడ్డీ జారుస్తూ వాయించే రకం. మొదటిసారి ఆ చప్పుడు విన్నప్పుడు ఎవరో కడుపునొప్పితో మూలుగుతున్నారనుకుని వాము నీళ్లు పట్టుకుని వెళ్లి తలుపు కొట్టాను. నా సంగీతం అలా మొదలైంది. వాళ్లకు బదిలీ అయినప్పుడు దీదీ ఆ గిటారును నాకే ఇచ్చి వెళ్లింది. "దీన్ని అటక మీద పెట్టకు" అని తన హిందీలో ఒక్క మాట చెప్పింది.

అటక ఎక్కించే పరిస్థితి త్వరగానే వచ్చింది. దసరా సాయంత్రం క్లబ్బు మైదానంలో ఏటా జల్సా జరిగేది. పాటలు, నాటకాలు, మిమిక్రీ, అన్నీ ఉండేవి. ధైర్యం చేసి నేనూ పేరిచ్చాను. స్టేజీ ఎక్కి, కూర్చుని, వాయించాను. ముందు వరసలో కూర్చున్న ఆఫీసర్ల భార్యలకు తప్ప ఎవరికీ వినపడలేదు. వెనకనుంచి ఎవడో, "ఏం జేస్తుందిరా ఆమె, ఒళ్లె ఇస్త్రీ జేస్తుందా?" అన్నాడు. మైదానం మైదానమంతా విరగబడి నవ్వింది. నేను సగంలో ఉండగానే తర్వాతి నాటకం వాళ్లను పిలిచారు. ఇంటికొచ్చి ఏడ్చాను. ఏడుపు అయిపోయాక కోపం వచ్చింది. నా కోపం సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. "వచ్చే దసరాకు ఆఖరుకు కూసున్నోనికి ఇనిపియ్యకపోతె గీ గిటారును గుడ్డల సుట్టి అటక మీద పెడ్త" అని మా ఆయన ముందు ఒట్టు పెట్టుకున్నాను. నేను అన్నానంటే చేస్తానని ఆయనకు తెలుసు కాబట్టి పాపం నాకంటే ఆయనే ఎక్కువ పరేషాన్ అయ్యాడు.

ఆ ఏడాదంతా చచ్చిపోయిన రేడియోలు ఎక్కడెక్కడివో తెచ్చి, విప్పి, వాటి బల్బులతో ఒక ఆంప్లిఫయర్ తయారుచేశాడు. గిటారు తీగల కింద అయస్కాంతం బిగించాడు. ఇక కావలసింది చప్పుడు బయటికి పంపే పెద్ద స్పీకర్ డబ్బా. కొత్తది కొనే స్తోమత మాకు లేదు. బతుకమ్మ పండుగ ముందు బాపు పసుపు కొమ్ములు తీసుకుని వచ్చినప్పుడు ఈ సంగతి చెప్పాను.

"మా మెట్‌పల్లిల డేరా సిన్మ ఎత్తేస్తుండ్రు బిడ్డా. ఆడ ఇంత పెద్ద డబ్బా ఉన్నది" అని చేతితో నడుము ఎత్తు చూపించాడు బాపు.

"మామా, పైన సూస్తె తెల్వది. లోపల కాగితం ఉంటది. అది చినిగిందా, అతుకేసిండ్రా సూడాలె" అన్నాడు మా ఆయన.

"నాకు సెప్పకు అల్లుడా. పండ్లు సూసుడు నాకు తెల్వదా?"

డబ్బాకు పళ్లు ఉండవని చెప్పే లోపే ఆయన కండువా దులుపుకుని బయలుదేరాడు.

అక్కడ బేరం ఎలా జరిగిందో బాపు నోటితోనే విన్నాం. మా అంగడిలో ఎద్దు ధర పైకి చెప్పరు. కండువా కింద చేతులు పెట్టి, వేళ్లు పట్టుకుని మాట్లాడుకుంటారు. బాపు కూడా సినిమా ఆసామి చేతి మీద కండువా కప్పి వేలు పట్టుకున్నాడట. ఆ ఆసామి ఉలిక్కిపడి చెయ్యి గుంజుకున్నాడట. "గంత పెద్ద సిన్మ నడిపిండు, వేళ్ల బేరం తెల్వది వానికి!" అని బాపు ఇప్పటికీ జాలిపడుతున్నట్టే చెప్పేవాడు. చివరికి పక్క దుకాణాల పెద్దమనుషులను నిలబెట్టి షరతు ఖాయం చేసుకున్నాడు. దసరా మర్నాటి దాకా ఇంట్లో కట్టి చూడటం, ఐబు, అంటే లోపం ఏదైనా ఉంటే వాపస్ ఇవ్వడం. వాపస్ ఇచ్చేటప్పుడు అదే చోటికి తెచ్చి, అదే పెద్దమనుషుల ముందు ఐబు ఏమిటో నోరు విప్పి చెప్పాలి. చెప్పలేకపోతే ఎద్దు నీదే. మా వైపు ఎద్దుల బేరంలో అది ఎప్పటినుంచో ఉన్న కట్టుబాటు.

డబ్బాను బస్సు పైకి ఎక్కించి కరీంనగర్, అక్కడినుంచి పెద్దపల్లి, అక్కడ రైలు. బస్సులో వచ్చినంతసేపూ బాపు డబ్బాకు కట్టిన తాడు కొసను కిటికీలోంచి లోపలికి లాక్కుని చేతిలో పట్టుకునే కూర్చున్నాడట. "జారి పడ్తదని కాదు బిడ్డా, కొత్త జాగ కదా" అన్నాడు.

డబ్బా మాత్రం చూడటానికి దర్జాగా ఉంది. టేకు చెక్క, ముందు నల్లగుడ్డ, లోపల బీడీల వాసన. మా ఆయన వెనక చెక్క విప్పగానే గుప్పెడు పల్లి పొట్టు రాలింది. లోపలి కాగితం ఒక అంచున చినిగితే ఎవరో గంజి పెట్టి గుడ్డముక్క అతికించారు. ఆయన కాసేపు నాలుక చప్పరించాడు.

"మెల్లగ పెడితె పలుకుతది మామా. గట్టిగ పెడితె అతుకు ఆగుతదో లేదో సూడాలె."

"అయితె గట్టిగ పెట్టు" అన్నాడు బాపు.

మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. బాపుకు లైను సంగతి తెలియదు.

బాయిలో పని మూడు పాళీల్లో, అంటే మూడు షిఫ్టుల్లో నడిచేది. కాబట్టి మా లైనులో ఏ పూట చూసినా ఎవరో ఒకరు నిద్రలో ఉండేవారు. పొద్దున రాత్రి పాళీ వాళ్లు పడుకుంటే, రాత్రి పొద్దుటి పాళీ వాళ్లు. మధ్యలో రెండో పాళీ వాళ్లు. భూమి లోపల రెక్కలు విరిచుకుని వచ్చిన మనిషి నిద్ర చెడగొట్టడమంటే లైనులో అంతకంటే పెద్ద తప్పు లేదు. మా ఆడవాళ్లం మసాలా కూడా గోనెసంచి మీద రోలు పెట్టుకుని దంచేవాళ్లం. పిల్లలు గొడవ చేస్తే ఎవరింటి ఆడమనిషి అయినా గొంతు తగ్గించి, "పాళోళ్లు పండుకున్నరు" అనేది. ఆ ఒక్క మాటకు ఆడే పిల్లలు ఆడినట్టే నోళ్లు మూసుకునేవారు. మొగుడూ పెళ్లాలు కొట్లాడుకున్నా గుసగుసగానే కొట్లాడుకునేవారు. నాలాంటిదానికి అది ఎంత కష్టమో చెప్పలేను. క్లబ్బుకు తీసుకెళ్లి గట్టిగా పెట్టి చూద్దామంటే దాని పక్కనే ఆసుపత్రి, జల్సా రోజు తప్ప అక్కడ చప్పుడు చేయనిచ్చేవారు కాదు.

ఎలాగైనా ఒకసారి చూద్దామని ఒక మధ్యాహ్నం కొద్దిగా పెంచాం. నేను కడ్డీని కింది నుంచి పైకి ఒక్కసారి జార్చాను, అంతే. కాసేపటికి దీదీ వాళ్ల క్వార్టరులో దిగిన పక్కింటి అన్న తలుపు దగ్గర నిలబడ్డాడు. రాత్రి పాళీ మనిషి. కళ్లు ఎర్రగా ఉన్నాయి, కాళ్లకు బూట్లు, చేతిలో నీళ్ల సీసా.

"చెల్లె, ఇప్పుడు కూత ఇచ్చింది నువ్వేనా?"

బాయి సైరన్ అనుకుని లేచి, తయారై, లైను చివరిదాకా వెళ్లి వచ్చాడట. నాకు నవ్వు ఆగలేదు. ఆయన కూడా ఒక క్షణం బిగపట్టి తర్వాత నవ్వేశాడు. "జర పైలం చెల్లె, రేపు మొత్తం పాళీని పంపిస్తవ్ బాయికి" అని వెళ్లి మళ్లీ పడుకున్నాడు.

అప్పటినుంచి డబ్బా మీద బొంత కప్పి, చప్పుడు బాగా తగ్గించి సాధన చేశాను. అలా వింటే ఎంత మెత్తగా పలికేదో! బాపు డబ్బా పక్కనే మంచం వేసుకుని పండుగ దాకా ఉండిపోయాడు. రోజూ పొద్దున దాని వీపు తట్టి, "సాధువు. పొడువది, తన్నది" అని సర్టిఫికెట్ ఇచ్చేవాడు. మా ఆయన మాత్రం, గట్టిగా చూడలేదే, గట్టిగా చూడలేదే అని గొణుగుతూనే ఉన్నాడు.

దసరా రోజు బాయిలు బంద్. యంత్రాలకు కుంకుమ బొట్లు పెట్టారు. జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ ఇచ్చుకున్నారు. లైనులో నిద్రపోయేవాళ్లు ఎవరూ లేని రోజు అదొక్కటే. కానీ డబ్బా పొద్దున్నే స్టేజీకి వెళ్లిపోయింది, అక్కడ కరెంటు సాయంత్రం గాని ఇవ్వలేదు.

నా వంతు వచ్చింది. మైదానం నిండా జనం. ముందు వరసలో బాపు కోసం కుర్చీ వేయించాను. మా ఆయన ఆంప్లిఫయర్‌కు చప్పుడు పెంచే బిరడా మొత్తం తిప్పాడు. నేను కడ్డీ పెట్టి మొదటి స్వరం తీశాను. అది నిజంగానే మైదానం చివరిదాకా వెళ్లింది. ఆ సంతోషం నాకు అరనిమిషం కూడా మిగల్లేదు. లోపల అతుకు ఊడింది. రేకు డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టు గరగరమని ఒకటే చప్పుడు. జనం నవ్వడం మొదలుపెట్టారు. "ఇస్త్రీపెట్టె మల్ల వచ్చింది రో!" అని ఎవడో అరిచాడు. నిరుడు అరిచినవాడే, గొంతు గుర్తుపట్టాను. బాపు కుర్చీ వైపు చూస్తే ఖాళీగా ఉంది. సిగ్గుపడి లేచిపోయాడనుకున్నాను. అప్పుడు నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

మా ఆయన గబగబా చప్పుడు తగ్గించి, మేము ఇంట్లో పెట్టుకునే చోటికి తెచ్చాడు. గరగర పోయింది. కానీ అంత చిన్న చప్పుడు ఆ గోలలో ఎవరికి వినపడుతుంది? మెట్లు దిగిపోదామని గిటారును ఒళ్లోంచి తీయబోయాను.

అంతలో మధ్య వరసల్లోంచి పక్కింటి అన్న లేచి నిలబడ్డాడు. అరవలేదు. లైనులో మాట్లాడే గొంతుతోనే అటూ ఇటూ తిరిగి, "మెల్లగ. పాళోళ్లు పండుకున్నరు" అన్నాడు.

ఆ రోజు ఎవరూ పడుకోలేదని అందరికీ తెలుసు. అయినా ఆ మాట చెవిన పడగానే చుట్టుపక్కల వాళ్లు ఠక్కున నోళ్లు మూశారు. తల్లులు పిల్లల నోళ్ల మీద చేతులు పెట్టారు. ఒక వరస నుంచి ఇంకో వరసకు అదే మాట గుసగుసగా పోయింది. తాము ఎందుకు నోరు మూసుకున్నారో తెలిశాక కొంతమంది భుజాలు కదిలేలా నవ్వుకున్నారు గానీ, చప్పుడు చేయలేదు. అంత మంది జనం అంత నిశ్శబ్దంగా కూర్చోవడం నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు. నేను వాయించాను. దీదీ నేర్పినది ఒకటి, తర్వాత మా బతుకమ్మ పాటల వరస ఒకటి. రెండోదానికి ఆడవాళ్లు పెదవులు కదుపుతూ లోలోపలే పాడుకున్నారు. అయిపోయాక కూడా కాసేపు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరినో నిద్ర లేపుతామేమో అన్నట్టు కూర్చున్నారు. పక్కింటి అన్నే మొదలుపెట్టాడు. ఇక ఆ తర్వాత చప్పట్లు ఆగలేదు.

మర్నాడు పొద్దున బాపు ఊరికి బయలుదేరుతుంటే డబ్బాకు నేనే తాడు కట్టి గుమ్మంలో పెట్టాను. వాపస్ ఇచ్చే గడువు ఆ రోజే. నాకు మనసులో బాధగానే ఉంది, కానీ పనికిరానిదాన్ని ఉంచుకుని ఏం లాభం?

"నిన్న ఏడికి పోయినవ్ బాపూ? కుర్సీల లేవు" అన్నాను.

"ఆఖరుకు పోయిన, సైకిళ్ల కాడికి. నీ ఒట్టు ఆఖరుకు కూసున్నోని మీద కదా? ముందు కుర్సీల కూసుంటె నాకేం తెలుస్తది?"

"గంత దూరం ఇనొచ్చిందా?"

"ఇనొచ్చింది. రెండు పాటలు పూర."

అప్పటిదాకా ఆ మాట ఎవరినీ అడిగే ధైర్యం లేకపోయింది నాకు. కొంగుతో కళ్లు తుడుచుకుని, డబ్బాను ఆయన వైపు జరిపాను. బాపు తాడు ముడి విప్పి, చుట్ట చుట్టి నా చేతిలో పెట్టాడు.

"వాపస్ ఇయ్యవా? అతుకు ఊడింది కదా?"

"ఎట్లిస్త బిడ్డా? పెద్దమనుషుల ముందల ఐబు సెప్పాలె. ఏమని సెప్పాలె? నా బిడ్డ వాయిస్తె బొగ్గుబాయోళ్లంత నోరు మూసుకొని ఇన్నరు, గిదే దీని ఐబు అని సెప్పాల్నా?"

కండువా భుజాన వేసుకుని, చేతులూపుకుంటూ ఆయన స్టేషన్ దారి పట్టాడు. డబ్బాను నేనూ మా ఆయనా కలిసి మళ్లీ లోపలికి మోశాం.