పడమర గోడ

యాప్రాల్‌లో ఈ అద్దె ఇల్లు చూపించినప్పుడు బ్రోకరు గుమ్మం దగ్గరే ఆగి, "ఈస్ట్ ఫేసింగ్ అమ్మా, అదృష్టముంటేనే దొరుకుతది" అన్నాడు. వాస్తుతో నాకేం పని? మేం ముస్లింలం. కానీ ఆ మాట నాకు ఇంకో రకంగా పనికొచ్చింది. గుమ్మం తూర్పయితే ఎదురు గోడ పడమర. పడమర తెలిస్తే మక్కా వైపు తెలిసినట్టే. నమాజు చాప ఎటు పరచాలో ఎవరినీ అడగక్కర్లేదు. అడగడానికి మాత్రం ఎవరున్నారు గనక!

మా ఆయనది లాలాగూడ రైల్వే వర్క్‌షాప్‌లో ఉద్యోగం. ఆయన పోయాక క్వార్టర్ ఖాళీ చేయాల్సి వచ్చింది. ఇక్కడ ఒక బడి ఆఫీసులో నాకు పని, అదే బడిలో మా ఎనిమిదేళ్ల పాపకు ఫీజు లేని చదువు దొరికితే వానాకాలంలో ఇటొచ్చి పడ్డాం.

పాపకు నమాజు, ప్రవక్తల కథలు, ఖురాన్‌లోని సూరాలు అన్నీ నేర్పింది ఆయనే. పక్కన నిలబెట్టుకుని నేర్పేవారు. నేను వంటింట్లోంచి వినేదాన్ని, అంతే. ఆ చదువు సగంలో ఆగిపోతే పాప దగ్గర ఆయనది ఇంకేమీ మిగలదని నాకు భయం. అందుకే నాకే సరిగ్గా రాని పాఠం నేను చెప్పడం మొదలుపెట్టాను. ముందు ఫోన్లో ఒక సూరా విని, బట్టీపట్టి, తర్వాత పాపకు చెప్పేదాన్ని. "అబ్బా ఇట్ల చెప్పలే అమ్మీ" అని అదే నన్ను దిద్దేది. ఉడుకుమోత్తనం వచ్చేది నాకు. మళ్లీ లోపల సంతోషంగానూ ఉండేది.

దిక్కు కోసం ఫోన్లో కూడా చూశాను. పక్కనున్న లిఫ్టు వల్లో ఏమో, అది పూటకో వైపు చూపించింది. దీనికంటే బ్రోకరే నయమనుకున్నాను. రెండు వైపులా అపార్ట్‌మెంట్లు ఆనుకుని ఉండటంతో మా ఇంట్లోకి ఎండ ఎటునుంచీ రాదు.

నమాజయ్యాక పాప దోసిలి పట్టి చాలాసేపు కూచునేది. ఏం అడుగుతున్నావంటే, "అబ్బా ఖబర్‌లో లైటు" అనేది. మనం చేసే దుఆ అందితే సమాధిలో వెలుగుంటుందని చెప్పింది నేనే. నా చిన్నప్పుడు మా అమ్మ చెప్పిన మాటే అది.

రంజాన్ నెలవంక కోసం ఇద్దరం మేడెక్కాం. లాలాగూడలో అయితే ఆ సాయంత్రం వీధంతా జనమే. ఎవరో కనబడిందని కేకేస్తారు, సలాములతో సందడి మొదలవుతుంది. ఇక్కడ మేమిద్దరమే. పాప నాకంటే ముందు పరిగెత్తి, మేం నమాజుకు నిలబడే గోడ ఏ వైపుందో ఆ వైపు తిరిగి ఆకాశంలోకి చూస్తోంది. మనం నిలబడే వైపే చాంద్ వస్తుందని వాళ్ల అబ్బా నేర్పారు దానికి.

ఆరేసిన బట్టలు తీసుకుంటున్న పై అంతస్తు ఆవిడ, "ఏం చూస్తున్నవ్ బిడ్డా?" అంది. పాప చెప్పింది. "గటెందుకుంటడే చంద్రుడు? అది దక్షిణం. పడమర ఇటు గద" అని ఆవిడ మా కుడివైపు చెయ్యి చూపించింది.

ఎరుపంతా అటే ఉంది. అందులో గోరంత నెలవంక. ఈస్ట్ ఫేసింగ్ అపార్ట్‌మెంట్ గేటుకట, మా గుమ్మానిది ఉత్తరమట. "బ్రోకర్లు గట్లనే చెప్తరమ్మా" అని ఆవిడ నవ్వింది. నేనూ నవ్వేదాన్నే, పాప మొహం చూడకపోయుంటే.

"అయితే వానాకాలం నుంచి అబ్బా చీకట్లనే ఉన్నడా?" అంది.

కిందికొచ్చి లాలాగూడ మసీదులో పిల్లలకు చదువు చెప్పే హజ్రత్‌కు ఫోన్ చేసి, పాప కూడా వినాలని స్పీకర్లో పెట్టాను. మా ఆయనకు చిన్నప్పుడు ఖురాన్ నేర్పింది ఆ పెద్దాయనే. బ్రోకరు సంగతితో సహా అంతా ఓపిగ్గా విన్నారు.

"పరేషాన్ గాకు బేటీ. తెల్వక జరిగింది. నీకు తోచినకాడికి దిక్కు వెతికినవ్. మీ నమాజులన్నీ అయినయి, పాప దుఆలన్నీ అందినయి. ఇప్పటిసంది సరిగ్గ నిలబడుండ్రి, చాలు."

"లైటుందంట" అని పాప నా చెవిలో చెప్పింది. ఏడుపు ఆపుకుంటూ ఫోన్ పెట్టేయబోయాను. అప్పుడాయన మామూలుగానే ఇంకో మాట అడిగారు.

"గానీ బేటీ, ఇన్ని నెలలల్ల మనోళ్లెవరూ మీ ఇంటికి రాలేదా? వచ్చినోళ్లు ఒక్క పూట నమాజుకు నిలబడ్డా తెలిసిపోతుండె గద?"

వస్తుంటారు హజ్రత్ అని అనబోయాను. ఈలోపు పాప ఫోన్ దగ్గరికి వంగి, "ఎవ్వరూ రాలే" అని చెప్పేసింది.

"నేను సుత రాలే బేటీ" అన్నారాయన.