తప్పు తేనెది కాదు

ఎనిమిదేళ్లు నేను మా పిన్ని మొహం నేరుగా చూడలేదు. ఆమెకు తల దువ్వేదాన్ని, కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేదాన్ని, వచ్చినప్పుడల్లా ఇష్టమైనవి వండిపెట్టేదాన్ని. చెంపల మీదికి మాత్రం నా చూపు పోనిచ్చేదాన్ని కాదు. ఈ బరువు ఇంతకాలం ఎలా మోశానో నాకే తెలియదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నాకు ఆత్మకూరులో చిన్న బ్యూటీ పార్లరు ఉంది. మస్తానమ్మ పిన్ని మా అమ్మకు చెల్లెలు. ఉదయగిరి కొండ కింద పల్లెలో ఉంటుంది. మేకలున్నాయి. బాబాయి కొండెక్కి తేనెపట్టు తెచ్చేవాడు. పిన్ని దాన్ని పిండి, పలుచటి గుడ్డలో వడగట్టి, స్టీలు క్యానులో పోసి, బస్సులో ఒళ్లో పెట్టుకుని నా దగ్గరికి తెచ్చేది. కుదుపుకి ఒలికిపోతుందని దారంతా రెండు చేతులతో పట్టుకునే కూర్చునేదట.

ఆ తేనెతో నేను క్రీము చేసేదాన్ని. తేనె, తేనెమైనం, కొబ్బరినూనె. అంతే. పగిలిన పెదాలకూ గరుకు తేలిన చేతులకూ బాగా పనిచేసేది. డబ్బా మీద ‘ఉదయగిరి కొండ తేనెతో’ అని అచ్చేయించాను. పిన్నికి చదవడం రాదు. అయినా ఆ అక్షరాలను వేలితో తడిమి చూసుకుని, వచ్చినవాళ్లందరికీ అది తన తేనేనని చెప్పుకునేది.

కానీ పార్లరుకి వచ్చేవాళ్లు అడిగేది మెత్తదనం కాదు, తెలుపు. తేనె తెలుపు ఇవ్వదు. నాతో కోర్సు చేసిన ఒకామె ఉపాయం చెప్పింది: మందుల షాపులో దొరికే ఒక ట్యూబు కొంచెం కలిపితే పది రోజుల్లో మొహం వెలిగిపోతుందని, అందరూ కలిపేదేనని. అది స్టెరాయిడ్ మందు. తెలియక చేశానని రాయాలని ఉంది. నిజంగా నాకు తెలియదా? ట్యూబు మీద ఎర్రగీత ఉంది. డాక్టరు రాస్తేనే వాడాలని ఉంది. చదివాను. చదివాకే ఖాళీ ట్యూబులను పేపరులో చుట్టి, ఎవరికీ కనపడకుండా చెత్తలో వేశాను. దాచానంటే తెలిసే చేశానని కాదా?

పిన్నికి వయసులో ఉన్నప్పటి నుంచి చెంపల మీద మంగు. ఎండలో మేకల వెంట తిరిగీ తిరిగీ అది ఇంకా నల్లబడింది. ఆమె ఎప్పుడూ ఫోటో దిగేది కాదు. పెళ్లిళ్లలో కూడా వెనక్కి జరిగి నిలబడేది. ఒకరోజు, కాస్త సిగ్గుపడుతూనే, తనకూ ఒక డబ్బా ఇమ్మంది. ఆమె కోసం మందు కలపకుండా వేరే చేయవచ్చు. అరగంట పని. చేయలేదు. ఎందుకు చేయలేదని నన్ను నేనే ఎన్నిసార్లు అడిగానో. ఆమె మొహం వెలగడం చూడాలనిపించింది నాకు. అది ప్రేమే. ఆ ప్రేమలో నా గొప్ప కూడా ఉందని అప్పుడు ఒప్పుకోలేదు.

నెలకే మంగు పలుచబడింది. పిన్ని పార్లరు అద్దం ముందు కూర్చుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఏఎస్ పేట దర్గాకి పోయి మొక్కు చెల్లించి, వస్తూ వస్తూ ఆకుపచ్చ గాజులు కొనుక్కుంది. నన్ను ఫోటో తీయమంది. ఆ ఫోటోలో ఆమె నవ్వు ఇప్పటికీ నా ఫోనులో ఉంది. అంత సంతోషంగా ఆమెను నేను మరెప్పుడూ చూడలేదు.

ఆర్నెల్లు తిరక్కుండా అదే మొహం ఎర్రగా కందిపోయింది. చర్మం పలుచనై సన్నటి నరాలు బయటపడ్డాయి. గడ్డం మీద నూగు వెంట్రుకలు మొలిచాయి. ఎండ తగిలితే మంట. మేకలు కాసుకునే మనిషికి ఎండ తగలకుండా ఎలా కుదురుతుంది? పమిట మొహం మీదికి లాక్కుని పార్లరుకి వచ్చింది. అప్పటికే మరో ఇద్దరు ఇలాగే వచ్చి అడిగిపోయారు. అది ట్యూబు పనేనని నాకు అర్థమైంది.

పిన్ని నన్ను అనుమానించలేదు. ఆమె అనుమానం వేరే.

“నా తేనెలోనే ఏదన్నా తేడా ఉండిందా పాపా? కొండ కింద నిమ్మతోటలకు మందు కొట్టినారు. ఆ పూల మీద ఈగలు వాలినయ్యేమో. నిజం చెప్పు.”

చెప్పాల్సింది ఆ క్షణంలోనే. నిజం చెప్పమని తనే అడిగింది.

“అట్నే ఉండాది పిన్నీ. ఈసారి తేనె బాగలేదు” అన్నాను.

ఆమె తల వంచుకుంది. నా చెయ్యి పట్టుకుని, నీ వ్యాపారానికి చెడ్డపేరు తెచ్చినాను పాపా, అంది. నా చెయ్యి వెనక్కి లాక్కోలేదు. ఎలా ఉంచానో ఆ చేతుల్లో.

నెల్లూరులో చర్మం డాక్టరుకి చూపించాను. ఏం పూశారని ఆయన అడిగితే తేనె అని చెప్పాను. ఏదైనా ట్యూబు వాడారా అంటే లేదని తల ఊపాను. ఆయన నన్ను కాసేపు చూసి మందు రాశాడు. మంట తగ్గింది. నరాలు, మచ్చలు మిగిలిపోయాయి. ఆ వారమే క్రీము చేయడం మానేశాను. అడిగిన కస్టమర్లకి సరుకు రావడం లేదని చెప్పాను.

పిన్ని ఇంట్లో ఉన్న రెండు క్యాన్ల తేనె బండ మీద పారబోసింది. పసిపిల్లల దగ్గుకి తన దగ్గర తేనె పట్టుకెళ్లిన ఇళ్లకి పోయి వాడొద్దని చెప్పి వచ్చింది. తోటల పక్క పట్టు ఎందుకు కోశావని బాబాయిని తిట్టింది. ఆయన కొండకి పోవడమే మానుకున్నాడు. నిమ్మకాయలు కోసే కూలికి పోతున్నాడు.

పోయిన నెల కాలేజీ పిల్ల ఒకతి పార్లరుకి వచ్చింది. అదే ఎర్ర మొహం. ఫోనులో చూసి ఏదో తేనె క్రీము తెప్పించుకుందట. తనకు తేనె పడలేదని చెప్పింది. అది తేనె వల్ల కాదని, అందులో ఏదో కలిపి ఉంటారని, వెంటనే డాక్టరుకి చూపించుకోమని గబగబా చెప్పేశాను. ఆ పిల్ల వెళ్లాక కుర్చీలో కూలబడ్డాను. ముక్కూమొహం తెలియని పిల్లకి ఒక్క నిమిషంలో చెప్పిన మాట, నన్ను ఎత్తుకు పెంచిన మనిషికి ఎనిమిదేళ్లు చెప్పలేకపోయానా?

మర్నాడే ఉదయగిరి బస్సెక్కాను.

పిన్ని దొడ్డిలో మేకపిల్లలకు రెమ్మలు వేస్తోంది. నిలబడే చెప్పాను. ట్యూబు సంగతి, ఎర్రగీత సంగతి, డాక్టరు దగ్గర చెప్పిన అబద్ధం. ఆమె చేతిలో రెమ్మ అలాగే ఉంది. మేకపిల్ల దాన్ని లాక్కుని తింటోంది. రెమ్మంతా అయిపోయాక అడిగింది.

“అయితే ఆ పొద్దు పారబోసిందంతా మంచి తేనేనా?”

“మంచి తేనే పిన్నీ.”

“మీ బాబాయికి నువ్వే చెప్పు పో. నేను ఆయన్ని ఎన్ని మాటలన్నానో.”

ఇంట్లో ఉన్న బాబాయికి చెప్పాను. ఆయన విని, తువ్వాలు భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయాడు. పిన్ని నాకు సంగటి పెట్టి, పప్పు వేసింది. నెయ్యి కూడా వేసింది. పక్కన కూర్చోలేదు. తినేటప్పుడు మొదటిసారి ఆమె చెంపలు తేరిపార చూశాను. ఆమె మొహం తిప్పుకోలేదు.

ఎప్పుడు వెళ్లినా బస్సు దాకా నాతో నడిచేది. ఆ రోజు రాలేదు. క్షమించావా అని నేను అడగలేదు. అడిగే హక్కు ఎక్కడిది? ఎండలో ఒక్కదాన్నే రోడ్డు దాకా నడిచాను. అడుగులు తేలిగ్గా పడుతున్నాయి. అలా పడుతున్నందుకు సిగ్గేసింది. అయినా తేలిగ్గానే నడిచాను.